దక్షిణం వైపు పిలవొద్దన్నారు

మా మేత కొండ మీద సందెపిలుపు ఎప్పుడూ నాలుగు దిక్కులకీ వెళ్ళేది. పంతొమ్మిది వందల నలభై మూడు సెప్టెంబరులో మాత్రం మూడు దిక్కులకే వెళ్ళింది. నాలుగోది ఎందుకు ఆగిందో, ఆగాక ఏమైందో చెప్తాను. నమ్మడం మానడం మీ ఇష్టం. నేను దయ్యాల్ని నమ్మే మనిషిని కాను. సొరంగాల్లో రాయి కొట్టి, కూలి పెంచమని సమ్మె చేయించి, పనిలోంచి గెంటించుకుని, చివరికి ఆవుల్ని పిండి బతకడానికి కొండెక్కినవాణ్ణి. చర్చిలో నా చోటు ఖాళీగా ఉంటుందని ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు.

పిలుపంటే ఇదీ. పొద్దు గూకే వేళ, కొండ మీద మంద బాధ్యత మోసే మనిషి చెక్క శిలువ దగ్గరికి వెళ్ళి, పాలు వడపోసే చెక్క గరాటుని మూతికి ఆనించి, గొంతెత్తి పాడాలి. ఆ గొంతు ఎంత దూరం వినబడితే అంత దూరం ఆ రాత్రికి ఏ ప్రాణికీ కీడు రాదు. గొంతు విన్న ప్రతి ప్రాణీ కొండ కాపులో ఉన్నట్టే. మా వాళ్ళ నమ్మకం అది. దిక్కుకో మాట ఉంటుంది. తూర్పుకి తిరిగి రాయి దొర్లకూడదని పాడతారు. పడమరకి పిడుగు పడకూడదని. ఉత్తరానికి తోడేలు రాకూడదని. దక్షిణానికి మాత్రం, తోవ తప్పినవాళ్ళకి తోవ దొరకాలని. దక్షిణాన కనుమ ఉంది. కనుమ నెత్తిన సరిహద్దు రాయి ఉంది. రాయికి అవతల ఇటలీ.

గరాటు ఎప్పుడూ మగవాడి చేతిలోనే ఉండేది. ఆ ఏడాది వయసులో ఉన్న మగవాళ్ళంతా సైన్యం పిలుపు మీద వేరే సరిహద్దులు కాయడానికి పోయారు. మిగిలిందెవరు? ఆడవాళ్ళు, నాలాంటి ఊపిరితిత్తులు పాడైనవాళ్ళు, కాస్పర్ లాంటి ముసలాళ్ళు. కాస్పర్ మా మేత సంఘానికి పెద్ద. అందుకని గరాటు లుద్వినా చేతికి వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, పెద్ద ఎముకలు, మాట తక్కువ. ఆడది పిలవడమేమిటని కాస్పర్ వారం రోజులు సణిగాడు. ఒక సాయంత్రం ఆమె గొంతు కనుమ దాకా వెళ్ళి, అక్కడి నల్ల రాతిగోడకి తగిలి, మాట మాటా తిరిగొచ్చింది. అది విన్నాక సణగడం మానేశాడు.

లుద్వినాకి ఒక్కతే చెల్లెలు, అదెలీనా. కనుమ అవతలి లోయకి కోడలిగా వెళ్ళింది. అవతల ఇటలీయే గానీ ఆ లోయవాళ్ళది మా భాషే, మా రొట్టే, మా పిలుపే. గీత గీసినవాడు ఎవడో కొండ ఎక్కి చూసి గీయలేదు. ఆ సెప్టెంబరులో ఇటలీ యుద్ధం చాలించుకుంది. వారం తిరక్కుండా జర్మన్ సైనికులు ఆ లోయలోకి దిగారు. అదెలీనా మొగుడు పశువుల కొట్టంలో ఎవరినో దాచాడని అతన్ని గోడకి నిలబెట్టి కాల్చేశారు. బియ్యం మూటలు దొంగతనంగా ఇటు మోసుకొచ్చే మనిషి ఒకడు లుద్వినాకి నోటిమాటగా కబురు తెచ్చాడు.

"నీ చెల్లెలు పిల్లని తీసుకుని వస్తానంది. బాట మీద మీ సైనికులున్నారు, దొరికితే వెనక్కి తోసేస్తారు. అందుకని రాళ్ళ దిబ్బ మీంచి దిగుతుందట. పొగమంచులో రాళ్ళ దిబ్బంటే చావే కదమ్మా అన్నాను. అక్క పిలుపు వినబడుతుంది, ఆ గొంతు పట్టుకుని దిగుతాను అంది."

నిజమే. ఆ దిబ్బలో ఇల్లంత బండలు, బండల మధ్య అడుగు కనబడని గోతులు. పొగమంచు కమ్మితే కళ్ళు పనికిరావు. ఎటు దిగాలో చెప్పేది గొంతొక్కటే.

ఆ కబురు వచ్చిన మర్నాడే లెఫ్టినెంటు వచ్చాడు. పట్నం మనిషి, బూట్లు కొత్తవి. కనుమ కింద కాపలా పోస్టు అతని చేతి కింద ఉంది. రాగి కాగు కింద మంట ఎగదోస్తున్నాను నేను. లుద్వినా చీజ్ కోసం పాలు కలియబెడుతోంది. కాస్పర్ బల్ల మీద కూర్చుని రై రొట్టెని కత్తితో చెక్కుతున్నాడు. ఆ రొట్టె చేసి నెలలు దాటింది, గొడ్డలి పెట్టాల్సింది.

"సాయంత్రం పాడేది ఎవరు?" అన్నాడు లెఫ్టినెంటు.

"నేనే," అంది లుద్వినా.

"ఇవాళ్టి నుంచి దక్షిణం వైపు పాడొద్దు."

లుద్వినా చెయ్యి ఆగింది. కాగులో పాలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

"ఎందుకండీ?"

"నా కాపలా తప్పించుకుని మనుషులు దిగుతున్నారు. పట్టుకుని అడిగితే, ఆడమనిషి పాట విని దాని వెంట వచ్చాం అంటున్నారు. మనది తటస్థ దేశం. మన కాలు అటు పడకూడదు. మన తుపాకీ అటు పేలకూడదు. మన గొంతు కూడా అటు వెళ్ళకూడదు. అటువైపు వాళ్ళు ఫిర్యాదు చేస్తే నేనేం చెప్పుకోను?"

నేనూరుకోలేదు. "మన చీజ్ అటు వెళ్తోంది కదండీ లెఫ్టినెంట్ గారూ. మన సొరంగాల్లోంచి రైళ్ళు నిండుగా వెళ్తున్నాయి, ఖాళీగా వస్తున్నాయి. ఆ బరువంతా మోసిన సరిహద్దుకి ఒక ఆడమనిషి గొంతు బరువైపోయిందా?"

"నీ పేరేంటి?"

"మోరిట్స్."

"విన్నాను," అన్నాడు. విన్నానన్న తీరు చూస్తే బాగానే విన్నట్టున్నాడు. మళ్ళీ లుద్వినా వైపు తిరిగాడు. "మాట వినకపోతే నిన్ను కిందికి దింపి లోయలో కూర్చోబెడతాను. మంద సంగతి మీ సంఘం చూసుకుంటుంది."

పిలిచే మనిషి లేకుండా మంద ఒక్క రాత్రి కొండ మీద ఉండకూడదు. అది ఆ పట్నం మనిషికి తెలీదు, కాస్పర్‌కి తెలుసు. ఆయన రొట్టె కింద పెట్టాడు.

"వింటుందిలెండి. నేను చెప్తాను."

లెఫ్టినెంటు వెళ్ళాక లుద్వినా కాగు దగ్గర్నుంచి కదల్లేదు. "మామా, నా చెల్లెలు వస్తోంది. నీకు తెలుసు."

"తెలుసమ్మా. కానీ ఇక్కడున్నది నీ చెల్లెలొక్కతే కాదు. ఊరి ఆవులన్నీ ఉన్నాయి. కింద ఇళ్ళున్నాయి. నాలుగొందల ఏళ్ళుగా కంచె ఇవతల మన పని మనం చూసుకున్నాం. అందుకే చుట్టూ దేశాలు తగలబడుతున్నా మన కప్పుల మీద నిప్పురవ్వ పడలేదు."

"నాలుగొందల ఏళ్ళా?" అన్నాను. "మీ ముత్తాత ఫ్రాన్సు రాజుకి కూలి సైనికుడు కాదూ? జీతమిస్తే ఎవరి యుద్ధమైనా చేశాం. జీతం ఆగిపోయాక తటస్థులమయ్యాం."

"ఒరే ఎర్రజెండా, నీ నోరు మూసుకుని మంట చూసుకో. పాలు మాడితే నీ సిద్ధాంతం తిని బతకాలి మనం."

లుద్వినా నవ్వలేదు. "పొగమంచు పట్టకపోతే నా గొంతు అవసరం లేదు," అంది. తనకి తాను చెప్పుకున్నట్టుంది ఆ మాట.

మధ్యాహ్నానికి పొగమంచు పట్టింది.

సాయంత్రం శిలువ దగ్గర నిలబడి ఆమె తూర్పుకి పిలిచింది. రాయి దొర్లకూడదని. పడమరకి పిలిచింది. ఉత్తరానికి పిలిచింది. గరాటు దించింది. వీపు దక్షిణానికి తిప్పి నిలబడింది. ఏ దిక్కూ కనబడటం లేదు. ఆవులు పాకల చుట్టూ పడుకుని నెమరేస్తున్నాయి, మెడలో గంటలు చిన్నగా కదుల్తున్నాయి.

అప్పుడు దక్షిణం గోడ నుంచి మాట తిరిగొచ్చింది.

*తోవ తప్పినవాళ్ళకి తోవ దొరకాలి. చీకటి పడినవాళ్ళకి దీపం కనబడాలి. మనవాళ్ళకీ, పరాయివాళ్ళకీ.*

పంపని మాట తిరిగొచ్చింది. మా పిలుపే, మా రాగమే, ఆడగొంతు. గంటలు ఆగిపోయాయి. మంద మొత్తం నెమరు మానేసి తలలు దక్షిణానికి తిప్పింది. ఒక్క ఆవు కూడా లేవలేదు, అరవలేదు. అన్ని తలలూ ఒకే వైపు.

"అదెలీనా," అంది లుద్వినా. గరాటు ఎత్తింది.

కాస్పర్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "ఇది ఏ వారమో మర్చిపోయావా?"

సెప్టెంబరు ఉపవాసాల వారం. మా కొండల్లో ఆ వారం అంటే పిల్లలు కూడా పొద్దు గూకాక గడప దాటరు. దిక్కులేని ఆత్మలు ఒకదాని వెనక ఒకటి వరసగా కనుమ దాటి వెళ్ళే వారం అది. అవి వెళ్తుంటే చూడకూడదు, పలకకూడదు, అడ్డం నిలబడకూడదు. మొహం గోడకి తిప్పుకుని, వరస దాటిపోయేదాకా కదలకుండా ఉండాలి. చూసినవాడు ఏడాది తిరిగేలోగా ఆ వరసలో చివరి మనిషి అవుతాడు. తాతల నాటి నుంచి అంతే.

"అవి బతికున్నవాళ్ళ గొంతు అరువు తెచ్చుకుంటాయి," అన్నాడు కాస్పర్. "నువ్వు ఎవరి కోసం ఎదురుచూస్తున్నావో వాళ్ళ గొంతే తెస్తాయి. లోపలికి రా."

పాకలో అందరూ మొహాలు గోడకి తిప్పుకున్నారు. పాలు పిండే ఆడవాళ్ళు, కాస్పర్, చివరికి లుద్వినా. ఆమె నుదురు దుంగకి ఆనించి నిలబడింది. బయట ఆ గొంతు మళ్ళీ ఒకసారి పాడింది. ఆగింది. ఎవరో బదులు చెప్తారని ఆగినట్టు, కాసేపు ఆగి, మళ్ళీ పాడింది.

నేను లాంతరు తీసుకుని బయటికి నడిచాను. దయ్యాలు లేవు, ఉన్నది తోవ తప్పిన ఆడమనిషి, అనుకున్నాను. రాళ్ళ దిబ్బ అంచుదాకా వెళ్ళాను. లాంతరు వెలుగు నా మోకాళ్ళ దాకా కూడా రాలేదు. ఒక కాలు గోతిలోకి జారింది, బండని కౌగిలించుకుని బయటపడ్డాను. "ఎవరక్కడ?" అని అరిచాను. పాడైపోయిన ఊపిరితిత్తులతో ఎంత అరుస్తాను, దగ్గొచ్చింది. నా ముందు నుంచి, నా వెనక నుంచి కూడా ఆ పాటే వినిపిస్తోంది. ఎటు వెళ్ళాలో తేలక చేతులతో తడుముకుంటూ వెనక్కొచ్చాను. అప్పటికి మంచు కురవడం మొదలైంది.

తెల్లారి పాలు పిండుతుంటే పొదుగులోంచి పాలు చల్లగా వచ్చాయి. చేతులు కొంకర్లు పోయేంత చల్లగా. దక్షిణం వైపు పడుకున్న ఆవులవే. మిగతావి బాగానే ఉన్నాయి. ఆ చల్లటి పాలు కాగులో పోసి ఎంత కాచినా, పాలు విరిచే మందు వేసినా గడ్డ కట్టలేదు. పారబోశాం. కాస్పర్ నా వంక చూశాడు. "చెప్పు ఎర్రజెండా. దీనికి మీ కార్మిక సంఘం పుస్తకాల్లో ఏం రాశారు?"

"చలికి ఆవులకి జబ్బు చేసింది," అన్నాను. నాకే నమ్మబుద్ధి కాలేదు.

ఆ రోజు సాయంత్రం కూడా పొగమంచే. లుద్వినా మూడు దిక్కులకీ పిలిచి, నాలుగో దిక్కుకి చెవి పెట్టింది. గొంతు వచ్చింది. ఈసారి ఆమె కళ్ళు మూసుకుని మొదటి నుంచి చివరిదాకా విన్నది. అయ్యాక ఆమె మొహం చూశాను. రక్తం లేదు.

"ఏమైందమ్మా?"

"మోరిట్స్ అన్నా, అది ఊపిరి పీల్చట్లేదు."

"అంటే?"

"అదెలీనాకి చిన్నప్పటి నుంచీ ఒక అలవాటు. 'తోవ' అన్న మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంది. నాన్న తిట్టేవాడు, మాట విరగ్గొడుతున్నావే అని. ఈ గొంతు దానిదే. కానీ ఎక్కడా ఊపిరి తీయట్లేదు. మళ్ళీ విను."

విన్నాను. మొదటి మాట నుంచి చివరి మాట దాకా ఒకటే దారంలా సాగింది. సందు లేదు. ఏ గాయకుడైనా, ఎంత ఛాతీ ఉన్నవాడైనా అంత పొడుగు పాట ఒక్క ఊపిరిలో పాడలేడు. నా మెడ వెనక వెంట్రుకలు లేచాయి. లేచాయని ఒప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు.

"చూశావా," అన్నాడు కాస్పర్ మెల్లగా. ఆయనకీ అందులో గెలిచిన సంతోషం లేదు. "మనిషి కాదు. నేను చెప్పలా? రా, గోడకి తిరుగు."

ఆ సాయంత్రం కూడా లుద్వినా గోడకి తిరిగింది.

మూడో రోజు కూడా పొగమంచే. పాలు మళ్ళీ చల్లగా వచ్చాయి. మళ్ళీ పారబోశాం. సాయంత్రం లుద్వినా గరాటు తీసుకుని, తడిబట్టతో తుడిచి, శిలువ వైపు నడిచింది. కాస్పర్ వెనకాలే వెళ్ళాడు. నేనూ వెళ్ళాను. మూడు దిక్కులూ అయ్యాయి. దక్షిణం నుంచి గొంతు మొదలైంది. లుద్వినా దక్షిణానికి తిరిగింది.

"లుద్వినా," అన్నాడు కాస్పర్. "ఆ లెఫ్టినెంటు సంగతి వదిలెయ్. అది ఆత్మ. ఊపిరి లేదని నువ్వే చెప్పావు."

"చెప్పాను. ఊపిరి లేకపోతే ఏం మామా? పిలుస్తోంది కదా."

"చచ్చినవాళ్ళకి బదులు చెప్పకూడదమ్మా."

"బతికున్నవాళ్ళకి చెప్పొద్దని ఆయనన్నాడు. చచ్చినవాళ్ళకి చెప్పొద్దని నువ్వంటున్నావు. ఇంకెవరికి చెప్పను నేను? ఆవులకా?"

గరాటు మూతికి పెట్టుకుంది. ఆమె నోట అలాంటి గొంతు అంతకు ముందు నేనెప్పుడూ వినలేదు. దైవభక్తి కాదు అది, ఇంటి ముందు నిలబడి పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతు. *తోవ తప్పినవాళ్ళకి తోవ దొరకాలి.* అటు గొంతూ ఇటు గొంతూ పొగమంచు మధ్యలో ఎక్కడో కలిశాయి. కలిసిన చోట రెండూ ఒకటై, ఏది అక్కదో ఏది చెల్లెలిదో తెలియకుండా పోయింది. ఆమె ఆపలేదు. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ. గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

అప్పుడు రాళ్ళ దిబ్బ లోంచి అడుగుల చప్పుడు వచ్చింది.

"గోడలకి తిరగండి," అని కాస్పర్ పాకల వైపు పరిగెత్తాడు. "వరస దిగుతోంది. అందరూ గోడలకి తిరగండి."

పొగమంచు లోంచి ఒకరి వెనక ఒకరు వచ్చారు. ముందువాడి భుజం మీద వెనకవాడి చెయ్యి. బట్టలూ జుట్టూ కనుబొమ్మలూ తెల్లగా మంచు కట్టి ఉన్నాయి. ఎవరూ మాట్లాడటం లేదు. మా తాతలు చెప్పిన వరస అచ్చం ఇలాగే ఉంటుంది. పాకల ముందు అందరూ, పాలు పిండే ఆడవాళ్ళూ, కాస్పరూ, వీపులు తిప్పి గోడలకి అతుక్కుపోయి ఉన్నారు. వాళ్ళ వీపుల వెనక నుంచి ఆ వరస నడిచిపోతోంది. కాస్పర్ పెదవులు కదుల్తున్నాయి. ఒక ముసలాయన కాస్పర్‌కి తగులుకుని పక్కకి జరిగి, ఇటాలియన్‌లో క్షమించమన్నాడు. కాస్పర్ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు.

లుద్వినా కళ్ళు తెరుచుకునే ఉంది. పాడుతూ ఒక్కొక్క మొహమే చూస్తోంది. అది కాదు. ఇది కాదు. ఇదీ కాదు.

వరస చివర ఒక చిన్న పిల్ల వచ్చింది. ఆరేళ్ళుంటాయేమో. ఎవరి భుజం మీదా చెయ్యి వెయ్యలేదు. ఒక చెయ్యి పైకెత్తి, పక్కన నడిచే పెద్ద మనిషి చెయ్యి పట్టుకున్నట్టు నడుస్తోంది. పక్కన ఎవరూ లేరు. గోతులు వచ్చిన చోట ఆ చెయ్యి లాగినట్టు ఇటు జరుగుతోంది, అటు జరుగుతోంది. శిలువ దగ్గరికి వచ్చాక చెయ్యి కిందికి జారింది. దక్షిణం గొంతు ఆగిపోయింది.

"పెద్దమ్మా?" అంది పిల్ల.

లుద్వినా పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "వెవీ. అమ్మేదమ్మా?"

"ఇప్పుడేగా వదిలింది," అని పిల్ల తన చెయ్యి చూపించింది. "ఇక్కడిదాకా తీసుకొచ్చింది. ఇంక పెద్దమ్మ ఉందిగా అంది."

ఆ చెయ్యి నేను పట్టుకుని చూశాను. రెండో చెయ్యి వెచ్చగా ఉంది. ఈ చెయ్యి మంచుగడ్డ.

లుద్వినా, నేనూ వాళ్ళని పాకలోకి తీసుకెళ్ళి మొక్కజొన్న సంకటీ వేడి పాలూ పెట్టాం. ఆ సాయంత్రం పాలు పొదుగులోంచే వెచ్చగా వచ్చాయి, అది కూడా చెప్పాలి. ఇటాలియన్‌లో క్షమించమన్న ముసలాయన మిలాన్‌లో గడియారాలు బాగుచేసేవాడట. చెంచా పట్టుకోలేక గిన్నె ఎత్తి తాగుతూ చెప్పాడు.

"కనుమ అవతల పశువుల గుడిసెలో దాక్కున్నాం. ఈ పిల్ల తల్లే మమ్మల్ని అక్కడ పోగుచేసింది. పిల్లని మా దగ్గర వదిలి, ముందు తను వెళ్ళింది. నేను సరిహద్దు రాయి దగ్గర నిలబడి పాడతాను, అవతల్నుంచి మా అక్క బదులు పాడుతుంది, రెండు గొంతులు వినబడితేనే రండి, ఒక్కటే వినబడితే కదలొద్దు, ఈ పొగమంచులో గోతుల్లో పడి చస్తారు, అంది. మొదటి సాయంత్రం ఒక్క గొంతే వినిపించింది. రెండో సాయంత్రమూ ఒక్కటే. తిండి అయిపోయింది. కింద లోయలో కుక్కలు మొరుగుతున్నాయి. ఇవాళ రెండో గొంతు వచ్చింది. ఆమె మా ముందే నడిచిందండీ. కనబడలేదు గానీ గొంతు మా ముందే ఉంది. ఆమెకి ముందు పెట్టండి ఆ పాలు. ఏదీ ఆమె?"

 తెరిచిన తలుపు బయట, గోడకి తిరిగిన వీపులు ఒక్కొక్కటే ఇటు తిరిగాయి. కాస్పర్ చివర్న తిరిగాడు. ముసలాయన చేతిలోని గిన్నె చూశాడు. ఆత్మలు పాలు తాగవు. ఆయన అక్కడే గోడవారన కూర్చుండిపోయాడు.

వెలుగు రాకముందే వాళ్ళని పాల కంచరగాడిదల వెంట లోయలోకి పంపించాం. వెవీ మాత్రం లుద్వినా ఒళ్ళో పడుకుని ఉంది.

లెఫ్టినెంటు పొద్దున్నే వచ్చాడు. ఇద్దరు సైనికులున్నారు వెంట. మంచు మీద అడుగులు చూసుకుంటూ వచ్చాడు.

"నిన్న ఎవరు దిగారు?"

"నేను చూడలేదు," అన్నాడు కాస్పర్.

"ఇన్ని అడుగులున్నాయి."

"ఉపవాసాల వారం కదండీ. మొహం గోడకి తిప్పుకున్నాం. శిలువ మీద చెయ్యేసి చెప్తాను, నేను ఎవర్నీ చూడలేదు."

లెఫ్టినెంటు ఒక్కొక్కరినే అడిగాడు. ఆడవాళ్ళంతా అదే మాట. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. నిజంగానే చూడలేదు వాళ్ళు. కొండ మనుషులు పరాయివాళ్ళని కాపాడటానికి ఎంత తెలివిగా మాట్లాడారో అని తర్వాత కాలంలో కొందరు మెచ్చుకున్నారు. మెచ్చుకోకండి. వాళ్ళు భయపడి గోడకి తిరిగారు. మొదటి సాయంత్రం ఒక ఆడమనిషి పిలుస్తుంటే తిరిగింది కూడా ఆ గోడకే. అదే గోడ, అదే నుదురు. ఒకసారి అది మంచికి వచ్చిందని ఆ మొదటి సాయంత్రాన్ని మాఫీ చెయ్యను నేను.

"ఈ పిల్లెవరు?" అన్నాడు లెఫ్టినెంటు.

"నా పిల్ల," అంది లుద్వినా.

అతను చాలాసేపు వెవీని చూశాడు.  "నిన్న సాయంత్రం దక్షిణానికి పాడావు," అన్నాడు.

"పాడాను. తీసుకెళ్తే తీసుకెళ్ళండి. ముందు నాతో కనుమ దాకా రండి. నా చెల్లెలు అక్కడుంది."

పొగమంచు విడిచింది. ఎండలో కనుమ మొత్తం కనబడుతోంది. మేం ఎక్కాం. లెఫ్టినెంటు, సైనికులు, లుద్వినా, నేను. కాస్పర్ కూడా వచ్చాడు, ఎవరూ రమ్మనకుండానే, కర్ర పట్టుకుని, ఆగి ఆగి.

అదెలీనా సరిహద్దు రాయికి వీపు ఆనించి కూర్చుని ఉంది. మా వైపు తిరిగి కూర్చుంది. రెండు చేతులూ గరాటులా మూతికి అడ్డం పెట్టుకుని ఉంది, చేతులు అలాగే బిగుసుకుపోయాయి. నోరు తెరిచి ఉంది. నడుం దాకా మంచు. ఆ మంచు మీద ఎక్కడా గీత లేదు, అడుగు లేదు. గుడిసె నుంచి దిగినవాళ్ళ అడుగులు ఆమెకి కాస్త దూరంలోంచి వెళ్ళాయి. పొగమంచులో చూసి ఉండరు. సైనికుల్లో ఒకడికి వైద్యం తెలుసు. వంగి, ఆమె కింద చెయ్యి పెట్టి చూశాడు.

"కింద నేల పొడిగా ఉంది," అన్నాడు. "మంచు పడకముందు కూర్చుంది ఈమె. తర్వాత లేవలేదు. మొదటి రాత్రే పోయింది."

గాలి కూడా లేదు అప్పుడు. లెఫ్టినెంటు టోపీ తీశాడు. రాయిని చూశాడు. ఇటలీ అని చెక్కిన వైపు చూశాడు. రెండో వైపు చూశాడు. ఆమె ఉన్నది రెండో వైపే.

"మన నేల మీదే ఉంది," అన్నాడు.

"అవును," అన్నాను. "మన గొంతు గీత దాటనక్కర్లేకపోయింది. ఇక్కడిదాకా వస్తే సరిపోయేది."

అతను నన్ను తిట్టలేదు. చిన్న గొంతుతో అడిగాడు. "నిన్న సాయంత్రం నేను పోస్టులో ఉన్నాను. రెండు గొంతులు విన్నాను. రెండోది ఎవరిది?"

లుద్వినా చెల్లెలి చేతుల మీది మంచు దులుపుతోంది.  

శవపేటికకి చెక్కలు కాస్పర్ తన సొంత పాక గోడ లోంచి ఊడదీసి ఇచ్చాడు. తను మొహం ఆనించిన గోడ లోంచే. ఎందుకని అడిగితే, "ఇది ఇంకెవరికీ అడ్డం ఉండకూడదు," అన్నాడు. ఆ మీదట ఎన్ని ఉపవాసాల వారాలు వచ్చినా తలుపు వైపు మొహం పెట్టి పడుకునేవాడు. వరసలోకి తీసుకెళ్తే తీసుకెళ్తారు అనేవాడు. ఏడాది తిరిగినా ఎవరూ తీసుకెళ్ళలేదు.

ఉత్తర్వు ఎత్తేశారా అంటే ఎత్తేయలేదు. చలికాలానికి మంద లోయలోకి దిగేదాకా ప్రతి సాయంత్రం లుద్వినా నాలుగు దిక్కులకీ పిలిచింది. లెఫ్టినెంటు ప్రతి సాయంత్రం విన్నాడు. ఒక్కసారీ పైకి రాలేదు. యుద్ధం అయిపోయాక మా దేశం ఎంత తెలివిగా గీత మీద నిలబడిందో చెప్పుకున్నాం. ఇప్పటికీ చెప్పుకుంటున్నాం. ఆ గీత మీద కూర్చున్న ఆడమనిషి మాట ఎవరూ ఎత్తరు, నేనెత్తితే ముసలాడికి మతి పోయిందంటారు.

ఇప్పుడు గరాటు వెవీ చేతిలో ఉంది. పిల్లల తల్లయింది. తూర్పుకి పిలిస్తే అటువైపు రాతిగోడ మాట తిరిగిస్తుంది. పడమరకీ, ఉత్తరానికీ అంతే. దక్షిణం గోడ మాత్రం ఆ రోజు నుంచి దేన్నీ తిరిగివ్వలేదు. అదే రాయి, అదే గొంతు. పంపిన మాట పంపినట్టు అటే పోతుంది.

వెవీ కూడా 'తోవ' అన్న మాట దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుంది. వాళ్ళమ్మ అలవాటు అది, ఎవరూ నేర్పలేదు. ఆ కాస్త ఆగినప్పుడు గంటలు ఆగిపోతాయి. ఆవులన్నీ తలలు దక్షిణానికి తిప్పుతాయి. మేమెవరం గోడకి తిరగం. మేమూ అటే చూస్తాం.